పడమటి ఎనభై

"అత్తయ్యా, పడమటి ఎనభై ఎకరాలూ ఎవరు కోశారు?"

కోడలు మార్డెల్ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. ఒక చేతిలో ఐసు సంచి, ఇంకో చేతిలో కారు తాళాలు. కౌంటీ వ్యవసాయ ఆఫీసు వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు మెళ్ళో వేలాడుతూనే ఉంది. భోజనాల వేళ నాలుగు చేతులుంటే మంచిదని, పని మధ్యలో ఆరు మైళ్ళు కారు తోలుకుంటూ వచ్చింది.

ఆల్బీనాకి ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఎలా ఎక్కుతుంది? పొయ్యి మీద పిండి ఉండలు ఉడుకుతున్నాయి. పులియబెట్టిన క్యాబేజీ కుతకుతలాడుతోంది. ఓవెన్‌లో పంది మాంసాన్ని అదను చూసి దించాలి. బయట పంపు దగ్గర ఎనిమిదిమంది మగాళ్ళు చేతులు కడుక్కుంటూ, గడ్డాలు నెరిసినవాళ్ళమన్న సంగతి మర్చిపోయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకుంటున్నారు.

ఆ ఎనిమిదిమందిలో ఒకడు మిలో జెలెనీ. పొద్దుట్నుంచి ఆల్బీనా కాళ్ళు నేల మీద నిలవకపోవడానికి కారణం అదే. తొమ్మిదేళ్ళుగా ఈ ఇంటివైపు తల తిప్పి చూడని పక్క పొలం మిలో, నిన్న తెల్లారేసరికి మూడు కోత యంత్రాలూ ఏడుగురు మనుషులూ వెంటబెట్టుకుని వాకిట్లో దిగాడు. ఆమె మొగుడు లుమీర్ గాదె నిచ్చెన మీంచి జారిపడి తుంటిదాకా పిండికట్టు వేయించుకుని మూడు వారాలైంది. ఈ నెబ్రాస్కా పల్లెల్లో ఎవరైనా మంచాన పడితే వాళ్ళ పంట చేలో ఆగదు. అడక్కుండానే యంత్రాలొస్తాయి. ఇంటావిడ కడుపునిండా పెడుతుంది. అంతటితో సరి. కానీ మిలో వస్తాడని మాత్రం ఎవరూ కల్లో కూడా అనుకోలేదు.

"అత్తయ్యా, మిమ్మల్నే."

"కొయ్యడానికే కదే వాళ్ళొచ్చింది!" అంది ఆల్బీనా చేతిగంటె ఊపుతూ. "నిన్న తూర్పు లూసర్న్ గడ్డి కోశారు. ఇవాళ వాగు పక్కది కోస్తామన్నారు..."

"నేను పడమటి రోడ్డున వచ్చాను. కంచె నుంచి కంచె దాకా గడ్డి మొత్తం నేల మీదుంది."

చేతిగంటె గాల్లోనే ఆగింది.

ఆల్బీనా గబగబా భోజనాల గదిలోకి వెళ్ళి పడమటి కిటికీలోంచి చూసింది. నిన్నటి దాకా మొలెత్తు గడ్డి గాలికి ఊగుతూ ఉండే చోట ఇప్పుడు నున్నటి నేల, దాని మీద వరసలు తీరిన పచ్చి కోత. ఎంత తీరుగా కోశారంటే, ఇంకెవరి పొలమైనా అయితే ఆవిడ మెచ్చుకునేదే.

"ఓరి దేవుడో," అంది కూర్చునేందుకు కుర్చీ వెతుక్కుంటూ.

ఆ ఎనభైలో పంట వెయ్యకుండా గడ్డిని పెరగనిచ్చినందుకు ప్రభుత్వం ఏటా అక్టోబరులో చెక్కు పంపుతుంది. పదేళ్ళ ఒప్పందం. తొమ్మిది నిండాయి. ఫెజెంట్ కోళ్ళు అందులో గూళ్ళు పెట్టి పొదుగుతాయి కాబట్టి జూలై పదిహేను దాకా కొడవలి అంచు కూడా తగలకూడదు. ఇవాళ జూన్ ఇరవై ఏడు. మాట తప్పితే తొమ్మిదేళ్ళ చెక్కులూ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు? ఆ ఎనభై అమ్మితేనే గానీ గడవదు. అవి లుమీర్ తల్లి పుట్టింటినుంచి తెచ్చుకున్న ఎకరాలు.

"నువ్వు చూళ్ళేదనుకో," అంది ఆల్బీనా.

"అత్తయ్యా!"

"ఈ పూట భోజనమయ్యేదాకా. అంతే. నీకు కళ్ళు లేవనుకో."

"ఒంటిగంటకి నేను ఆ ఆఫీసులో నా కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్నాక చూసింది చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. అది పోయినా ఫర్వాలేదు, రేపు ఆ రోడ్డున పోయేవాళ్ళెవరైనా చెప్తే మీ పొలం మీ చెయ్యి దాటిపోతుంది." మార్డెల్ గొంతు తగ్గించింది. "మనంతట మనం ముందుగా చెప్పుకుంటే దారుంది. తెలియక జరిగిన కోతకి ఓ కాగితం ఉంటుంది. కోసినవాళ్ళు స్వయంగా వచ్చి, ఇలా జరిగింది అని రాసి సంతకం పెట్టాలి. అప్పుడు కమిటీలోని రైతులు మాట్లాడుకుని వదిలెయ్యచ్చు."

"కోసినవాళ్ళంటే?"

"మిలో బాబాయ్."

ఆల్బీనాకి నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వు రావడం ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. మిలో జెలెనీ ఆ ఆఫీసుకి వెళ్ళడం! అసలు గొడవంతా దాంతోనే కదా మొదలైంది. తొమ్మిదేళ్ళ కిందట చర్చి హాల్లో పోల్కా డాన్సు చేస్తూ చేస్తూ ఊరందరి ముందూ అన్నాడు మిలో: "లుమీర్ పొలాన్ని పడుకోబెట్టి, పక్కన తనూ పడుకుని, జీతం తీసుకుంటున్నాడు. నేనా ఆఫీసు గడప తొక్కితే నా పేరు మిలో కాదు." అంతే, అకార్డియన్ ఆగకముందే లుమీర్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ రాత్రి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పంపు దగ్గర నీళ్ళు ఆగిపోయాయి. మేజోళ్ళ కాళ్ళ చప్పుడు వసారాలోకొచ్చింది.

ఆల్బీనా లేచి పడమటి కిటికీకి తెర దించేసింది.

* * *

లుమీర్ చక్రాల కుర్చీలో బల్ల తలదగ్గర కూర్చుని ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఆదివారం చొక్కా తొడుక్కుని, తల తడిపి దువ్వుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. మిలో ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో ఏడుగురు మగాళ్ళు, కొలాచీలనే తీపి బన్నుల పళ్ళెంతో వచ్చిన మిలో భార్య ఇర్మా. నిన్నటినుంచీ లుమీర్, మిలో ఒకే చోట ఉన్నారు గానీ, ఒకడితో ఒకడు ఇంకా ఒక్క ముక్క మాట్లాడలేదు.

"ఆల్బీనా, ఆయనకి మాంసం అందిందో లేదో చూడు," అన్నాడు లుమీర్.

"ఇర్మా, బాగానే అందిందని ఆయనకి చెప్పు," అన్నాడు మిలో.

"ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి, నాకు నోరు నొప్పెడుతోంది," అంది ఇర్మా. బల్లంతా ఘొల్లున నవ్వింది.

లుమీర్ కూడా నవ్వి, కిటికీ వైపు చూశాడు. "పట్టపగలు తెరెందుకు దించావు?"

"ఎండ పడుతోంది."

"పన్నెండు గంటలకి పడమటి ఎండేమిటే?"

"మొన్నటినుంచీ అలాగే పడుతోంది. నువ్వు మంచంలో ఉంటే నీకేం తెలుసు? తిను."

మార్డెల్ క్యాబేజీ గిన్నె పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. ఆ పిల్లకి అబద్ధం చూడ్డం కూడా చేతకాదు. దాన్ని కోడలిగా తెచ్చుకున్నందుకు ఆల్బీనా ఏ రోజూ చింతించలేదు గానీ, ఆ క్షణం మాత్రం కాస్త కొంటె కోడలైతే ఎంత బావుండేదో అనుకుంది.

ఎవరో వాగు పక్క గడ్డి సంగతి ఎత్తారు. ఇంకెవరో వాన సంగతెత్తారు. అంతలో మిలో ఉండ మీద పులుసు పోసుకుంటూ, లుమీర్‌కి వినపడేంత గట్టిగా, ఆల్బీనాతో అన్నాడు:

"పడమటిది కూడా అయిపోయిందమ్మా. పాపం కాలు విరక్కపోతే ఎప్పుడో కోసేవాడు కదా అనుకున్నాం. మూడు యంత్రాలూ దింపేశాం. మూలలు కూడా వదల్లేదు. ఒక్కచోట మాత్రం ఓ ఫెజెంట్ పెట్ట గూడు మీంచి లేవనంది. నేను దిగి చప్పట్లు కొట్టినా లేవలేదు, నావైపే గుడ్లురిమి చూసింది. సరే తల్లీ, నీ ఇల్లు నీదే అని, ఈ గదంత మేర వదిలేసి చుట్టూ తిరిగొచ్చాను. అది తప్ప, ఎనభై ఎకరాలూ నున్నగా గొరిగేశాం."

చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు.

లుమీర్ చేతిలో ఫోర్కు పళ్ళెంలో ఆగిపోయింది.

ఆల్బీనా అతని మెడ వంక చూసింది. ముప్ఫైఎనిమిదేళ్ళు కాపురం చేసిన మొగుడు. కోపం వస్తే ముందు మెడ ఎర్రబడుతుంది, తర్వాత చెవులు, ఆ తర్వాత గిన్నెలు ఎగురుతాయి. మెడ ఎర్రబడింది. చెవుల దాకా వచ్చింది. లుమీర్ తెర వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, మార్డెల్ వీపు వంక చూశాడు. మొత్తం అర్థమైపోయింది అతనికి.

తర్వాత బల్ల ఆ చివర ఉన్న మనిషి వంక చూశాడు. మిలో మెడంతా ఎండకి కమిలిపోయి ఉంది. అరచేతుల్లో బొబ్బలు. మేజోడు చిల్లులోంచి బొటనవేలు కనిపిస్తోంది. రెండ్రోజులుగా సొంత పొలం వదిలేసి ఇక్కడ పడి చాకిరీ చేసిన మనిషి.

"పెట్ట లేవనే లేదా?" అన్నాడు లుమీర్.

ఆ మాట నేరుగా మిలోనే అడిగాడు.

"లేవలేదు," అన్నాడు మిలో తడబడుతూ. "అస్సలు లేవలేదు."

"మంచి పని చేశావు." లుమీర్ గొంతు సవరించుకున్నాడు. "ఆల్బీనా, మిలోకి ఇంకో రెండు ఉండలు వెయ్యి."

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ పేరు లుమీర్ నోట వినపడింది. మగాళ్ళందరూ కాఫీ కప్పులతో బల్ల బాదేశారు. ఒకడు ఈల వేశాడు. మిలో తల వంచుకుని, ముక్కు చీదుకునే వంకతో జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఇర్మా అయితే వంకలేం పెట్టుకోలేదు, ఎదురుగానే ఏడ్చేసింది. అందరికీ పండగలాగే ఉంది.

బల్ల కింద లుమీర్ చెయ్యి ఆల్బీనా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకొక్కదానికే తెలుసు.

* * *

పడకగదిలోకి కుర్చీ తోసుకొచ్చి తలుపేసింది ఆల్బీనా.

"అతనికి చెప్పాలి లుమీర్."

"చెప్పను."

"ఒంటిగంట లోపల చెప్పాలి. మార్డెల్..."

"మార్డెల్‌ని తన పని తను చేసుకోమను. పిల్ల తప్పేం లేదు. అది చెప్పాల్సింది చెబుతుంది, వాళ్ళు అడగాల్సింది అడుగుతారు, మనం కట్టాల్సింది కడతాం."

"దేంతో కడతావు? మీ అమ్మ ఎకరాలు అమ్మా?"

"అమ్ముతా."

"నీకు మతి పోయింది."

లుమీర్ కట్టు మీద వేళ్ళతో తాళం వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "వాడు నా గుమ్మంలో బూట్లు విప్పాడు ఆల్బీనా. రాడనుకున్నాను. నేనైతే వెళ్ళేవాణ్ణా అంటే, ఏమో, వెళ్ళేవాణ్ణి కాదేమో. వాడొచ్చాడు. ఇప్పుడు వాడి దగ్గరికెళ్ళి, ఒరేయ్, నువ్వు చేసిన సాయంతో నా కొంప మునిగింది అని ఏ మొహంతో చెప్పను? పైగా ఆ ఆఫీసుకి రమ్మని అడగాలా? వాడు తిట్టిన ఆఫీసుకి, వాణ్ణే?"

"అవును. అడగాలి."

"అడగను."

ఆల్బీనాకి కోపం రావాలి. రాలేదు. ఈ మొండి మనిషి మీద ఎక్కడ లేని ప్రేమ ముంచుకొచ్చింది. వంగి అతని తడి జుట్టు మీద ముద్దు పెట్టింది.

"నువ్వు అడగొద్దు," అంది. "నువ్వు ఇక్కడే కూర్చుని పెద్దమనిషిగా ఉండు. నాకు అలాంటి పట్టింపులేం లేవు."

తలుపు తీసేసరికి ఎదురుగా ఇర్మా. చేతిలో తడి గుడ్డ, కళ్ళల్లో నీళ్ళు ఇంకా ఆరలేదు. తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్న సంగతి దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

మొగుళ్ళకి మాటల్లేకపోయినా పెళ్ళాలకి మాటలెప్పుడూ కరువు కాలేదు. చర్చి వంటింట్లో గిన్నెలు తోముతూ తొమ్మిదేళ్ళ కబుర్లూ చెప్పుకున్నవాళ్ళే. ఇర్మా ఆల్బీనాని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆ కాగితం ఇవాళే పెట్టెయ్యాలి," అంది. "కోసిన గడ్డి అమ్మకూడదు, మేపకూడదు, అలాగే వదిలెయ్యాలి. గూడు వదిలేసిన సంగతి తప్పకుండా రాయించండి, అది మంచి మాట. ఇంకోటి, అందులో ఒక్క అబద్ధం ఉన్నా కాగితం చెల్లదు."

మార్డెల్ నోరు తెరుచుకుని చూసింది. "పిన్నీ, ఇవన్నీ మీకెలా తెలుసు?"

ఇర్మా వాకిలి వైపు చూసింది. మగాళ్ళు చెట్ల నీడన టోపీలు మొహం మీద పెట్టుకుని వాలిపోయారు. మిలో గురక ఇక్కడికి వినిపిస్తోంది.

"మా నాన్న నాకిచ్చిన ఏటిగట్టు అరవై ఉందిగా," అంది గొంతు తగ్గించి. "ఎనిమిదేళ్ళయింది అది కూడా ఈ గడ్డి పథకంలోనే పెట్టి. నా పేరు మీద. చెక్కు మా అక్క ఇంటికొస్తుంది."

"మరి మిలో?"

"కౌలుకిచ్చాననుకుంటాడు. గడ్డి ఏపుగా ఉంది, కౌలుదారు మంచివాడు అని మెచ్చుకుంటాడు కూడా."

ఆల్బీనా నోటికి అప్రాన్ అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోలేక భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. "డబ్బేం చేశావే?"

"ఏం చేస్తాను? ఆయన పళ్ళు కట్టించాను. ఇంటి కప్పు మార్పించాను. పోయినేడాది..." ఇర్మా కిటికీలోంచి, చెట్ల పక్కన ఎండలో మెరుస్తున్న ఎర్రటి కొత్త కోత యంత్రం వైపు గడ్డంతో చూపించింది. "అందులో సగం నాదే."

ముగ్గురాడాళ్ళూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ప్రభుత్వం గడ్డి పెంచినందుకిచ్చిన డబ్బుతో కొన్న యంత్రం ప్రభుత్వం గడ్డినే కోసేసింది. మార్డెల్, ఎప్పుడూ గట్టిగా నవ్వని పిల్ల, బల్ల మీద తల పెట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వి నవ్వి లేచి గడియారం చూసి, ఒక్కసారిగా మొహం మార్చింది.

"పన్నెండు ముప్పావు."

"నేను లేపుతాను," అంది ఇర్మా. "నా సంగతి మాత్రం ఎవరూ ఎత్తకండి. ఆయనకి ఒక్క రోజుకి ఒక్క దెబ్బ చాలు."

* * *

ఇర్మా చెప్పిన తీరు మెత్తగా ఏమీ లేదు. మొహం మీది టోపీ లాగేసి, "లే, నువ్వు చేసిన ఘనకార్యం విందువుగాని," అని మొదలుపెట్టింది. మిలో కూర్చుని విన్నాడు. నిద్రమత్తు పోయింది, రంగు పోయింది. విన్నాక పడమటి పొలం వైపు చాలాసేపు చూశాడు.

"పంట వెయ్యకూడదనే అనుకున్నాను. కొయ్యకూడదని కూడా ఉంటుందా?"

"నువ్వెప్పుడైనా ఆ ఆఫీసుకెళ్ళి ఉంటే తెలిసేది," అంది ఇర్మా. ఎంత ధైర్యం ఆవిడకి!

మిలో లేచి వసారాలోకొచ్చాడు. లుమీర్ కూడా కుర్చీ తోసుకుంటూ అక్కడికొచ్చి పైపు వెలిగించుకోవడానికి అవస్థపడుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"తినకుండా లేచిపోతావని."

"రెండు ఉండలు ఎక్కువ కూడా వేయించావు కదరా!"

"నువ్వు తిన్నావు కదరా."

ఆ రెండు 'రా'లూ విని ఆల్బీనా తలుపు చాటున కళ్ళు తుడుచుకుంది. ఆ పిలుపు ఈ వసారాలో మళ్ళీ వింటానని ఆమె అనుకోలేదు.

మిలో అగ్గిపుల్ల గీసి పైపు వెలిగించాడు. "నీ కాలు కారులో పట్టదు కదూ?"

"పట్టదు."

"మరైతే గడ్డి బండి ఎక్కు. పద ఆ పాడు ఆఫీసుకి."

ఇక చూడాలి సంబరం! మిగిలిన ఏడుగురూ లేచొచ్చి చక్రాల కుర్చీని లుమీర్‌తో సహా ఎత్తి, అడ్డకమ్మీల్లేని బండి మీద పెట్టి, గడ్డిమోపులు కట్టే తాడుతో నాలుగు వైపులా బిగించి కట్టారు. "దున్నపోతుని కూడా ఇంత గట్టిగా కట్టం," అన్నాడొకడు. "దున్నపోతు ఇంత సణగదు," అన్నాడు మిలో. ఆల్బీనా, ఇర్మా కుర్చీకి చెరో పక్క గడ్డిమోపుల మీద కూర్చున్నారు, ఒళ్ళో కొలాచీల పళ్ళెం. బండి ముందు ఎర్ర యంత్రమే కట్టారు, తక్కినవి వాకిట్లో అడ్డదిడ్డంగా ఇరుక్కుపోయి ఉన్నాయి మరి. మార్డెల్ కారు ముందెళ్ళిపోయింది.

ఆరు మైళ్ళూ లుమీర్ ఎదురొచ్చిన ప్రతి కారుకీ టోపీ తీశాడు. మూడు వారాల తర్వాత ఇల్లు కదిలిన మనిషి. పడమటి ఎనభై పక్కనుంచి పోతున్నప్పుడు మాత్రం తల తిప్పి, కోసిన నేల మధ్యలో గదంత పచ్చగా మిగిలిన ముక్కని కనపడినంతసేపూ చూశాడు.

"పోనివ్వనులే," అంది ఆల్బీనా.

అతను గసగసాల కొలాచీ ఒకటి తీసుకున్నాడు.

* * *

ఆఫీసు గడప దగ్గర మిలో ఆగాడు. లుమీర్ కుర్చీ తోస్తున్నవాడల్లా ఆగి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"ఇప్పట్నుంచి నిన్నేమని పిలవాలి?" అన్నాడు లుమీర్ వెనక్కి తిరక్కుండానే.

"ఏమిటి?"

"గడప తొక్కితే నీ పేరు మిలో కాదన్నావు కదా."

"నోర్ముయ్," అని మిలో కుర్చీని గడప దాటించాడు.

తమ ఇంటి కాగితం తను ముట్టుకోకూడదని మార్డెల్ దూరంగా తన బల్ల దగ్గరే కూర్చుంది. ఫెర్న్ డోలెజల్ ముందుకొచ్చింది. ముప్ఫైయేళ్ళుగా ఆ ఆఫీసులో ఉన్న మనిషి, చెయిన్ కట్టిన కళ్ళజోడు, కౌంటీలో ఎవరి గడ్డి ఎంత ఎత్తుందో చెప్పగలదు. మిలోని చూసి కళ్ళజోడు సర్దుకుంది, ఆశ్చర్యం మాత్రం పైకి చూపించలేదు.

మిలో చెప్పాడు. బాగా చెప్పాడు. ఎవరూ పిలవలేదనీ, తనంతట తనే వచ్చాననీ, ఇంట్లోవాళ్ళకి తెలియదనీ, పెట్ట లేవలేదనీ. ఫెర్న్ ఒక్కో మాటా రాసుకుంది. పెట్ట దగ్గర ఆమె పెదవులు కొంచెం కదిలాయి.

"కమిటీ మంగళవారం కూర్చుంటుంది," అంది. "వాళ్ళ తరఫున నేనేం చెప్పలేను. కానీ ఇలాంటి కాగితం చూసి కాదన్నవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు."

ఆల్బీనా లుమీర్ భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతి మీద చెయ్యి వేశాడు.

"ఇంకొక్క ప్రశ్న ఉంది. తర్వాత సంతకం." ఫెర్న్ కలం మిలో చేతికిచ్చి, కాగితం చివరి వరస చదవబోయి ఆగింది. తలెత్తి, మిలో భుజం మీదుగా, ఇర్మా వైపు చూసింది. మళ్ళీ కాగితం వైపు చూసింది. ఎనిమిదేళ్ళుగా ఏటిగట్టు అరవై కాగితాలు రాస్తున్నది ఈవిడే మరి.

"కోసిన వ్యక్తికి గానీ, వారి ఇంట్లోవారికి గానీ, ఈ పథకంలో భూమి ఉందా?"

"మా ఇంట్లోనా!" మిలో పకపకా నవ్వాడు. "లేదని రాసుకోండి. పెద్దక్షరాలతో రాసుకోండి."

ఫెర్న్ రాయలేదు. మార్డెల్ తన బల్ల దగ్గర కదలకుండా కూర్చుంది.

ఆల్బీనా ఇర్మా వైపు చూడకూడదనుకుంది. చూస్తే అడిగినట్టవుతుంది. ఎనభై ఎకరాల కోసమైనా సరే, ఆ మాట తను అడగలేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది. ఒక్క అబద్ధం ఉన్నా కాగితం చెల్లదు. ఆ మాట చెప్పింది ఇర్మానే.

కొలాచీల పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఉందని రాయి ఫెర్న్," అంది ఇర్మా. "అరవై ఎకరాలు. నా పేరు నీకు తెలుసుగా."

మిలో వెనక్కి తిరగలేదు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టున్నాడు. అతని చూపు ఫెర్న్ మీంచి అద్దాల కిటికీకి, కిటికీలోంచి రోడ్డు మీదికి వెళ్ళింది. అక్కడ ఎర్రటి కొత్త యంత్రం ఎండలో తళతళా మెరుస్తోంది. దాన్ని చాలాసేపు చూశాడు.

లుమీర్ భుజాలు వణుకుతున్నాయి. ఆపుకోమని ఆల్బీనా అతని భుజాన్ని గట్టిగా గిల్లింది. ఆపుకోవడం ఆమె వల్ల కూడా కావడం లేదు. ఇప్పుడు గాని నవ్వారో, ఈ మనిషి కలం విసిరేసి బయటికి నడుస్తాడు. ఈసారి తొమ్మిదేళ్ళు కాదు, జన్మంతా రాడు. ఎనభై ఎకరాలూ అతనితోపాటే పోతాయి.

"ఇర్మా," అన్నాడు మిలో చివరికి, ఇంకా కిటికీలోకే చూస్తూ.

"ఊఁ."

"ఎకరానికి ఎంతిస్తారు?"

ఇర్మా నాలుగడుగులు వేసి అతని పక్కన నిలబడింది.

"ముందు సంతకం పెట్టు," అంది. "ఇంటికెళ్ళాక చెబుతా."

మిలో చేతిలోని కలం వంక చూసి, కాగితం మీదికి వంగాడు.